దొరగారి ఉత్తరాలు, మా మేడమ్

ఆదివారం మధ్యాహ్నం మా మేడమ్ కూతురు పెర్త్ నుంచి ఫోన్ చేసింది. "మమ్ పాస్డ్ అవే లాస్ట్ నైట్," అంది. ఆస్ట్రేలియాలోనే పుట్టి పెరిగిన పిల్ల. నేను తెలుగులో పలకరించినా ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబిచ్చేది. ఆ వెంటనే, "నిద్రలోనే పోయింది అక్కా," అని తెలుగులో చెప్పింది. అంతవరకూ తట్టుకున్నదాన్ని, ఆ మాటతో ఏడ్చేశాను.

మీలో చాలామంది ఆమెను ఎరిగి ఉండరు. ఊరు బాపట్ల. పెళ్ళయ్యాక సిడ్నీ వచ్చి, నేను చదివిన యూనివర్సిటీలో నాటకరంగ చరిత్ర చెప్పారు. ఉద్యోగమంతా ఒక మనిషి ఉత్తరాలతోనే గడిపారనవచ్చు. ఆయన పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నటుడు. లండన్‌లో ఒక నాటకశాల నడిపేవాడు. సొంత బృందంతో ఓడెక్కి మెల్‌బోర్న్, సిడ్నీ వచ్చి నాటకాలాడాడు. ఇక్కణ్ణుంచి భార్యకీ, స్నేహితులకీ రాసిన ఉత్తరాలను మేడమ్ ఎక్కడెక్కడి గ్రంథాలయాల నుంచో నకళ్ళు తెప్పించి పోగుచేశారు. ఆయన్ని 'దొరగారు' అనేవారు. నిన్ననే ఇంటికొచ్చి టీ తాగి వెళ్ళిన చుట్టం సంగతి చెబుతున్నట్టే ఉండేది ఆ మాట.

నేను తెనాలి నుంచి సిడ్నీ వచ్చి ఆ క్లాసులో చేరాను. సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో నాతో ఇల్లు పంచుకున్న అమ్మాయిలందరూ అకౌంటింగో, ఐటీయో చదివేవాళ్ళు. "డ్రామా చదివితే జాబ్ ఎవడిస్తాడే?" అని నవ్వేవాళ్ళు. క్లాసులో నాకు నోరు పెగిలేది కాదు. ఏం అనాలో మనసులో ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు చర్చ ఇంకో చోటికి వెళ్ళిపోయేది. మొదటి సెమిస్టర్ సగంలోనే, అకౌంటింగ్‌కి మారిపోతానని చెప్పడానికి ఆమె గదికి వెళ్ళాను.

మేడమ్ డబ్బా విప్పి ఇడ్లీ తింటున్నారు. నాకూ రెండు మూత మీద పెట్టిచ్చారు. నేను చెప్పిందంతా విన్నారు.

"సరే, మారు. కానీ ఫ్రైడే క్లాస్ దాకా ఆగు. ఒక చిన్న పని చేసిపెట్టి వెళ్ళు," అని ఉత్తరం నకలు ఒకటి చేతికిచ్చారు.

కాగితం ఆదా చేయడానికి దొరగారు అడ్డంగా రాసిన వరసల మీదే మళ్ళీ నిలువుగా రాసేవాడు. దాన్ని చదవడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది. భార్యకి రాసిన ఉత్తరం అది. ఓడలో తేమకి రాజు వేషానికి చేసిన అట్ట కిరీటం మెత్తబడి వంకర తిరిగిందట. దయ్యం వేషగాడికి దగ్గు పట్టుకుని, జనం ఒకటే నవ్వులట. ఇలా పేజీలు నిండాక, చివర "చిన్నవాడికి జ్వరం తగ్గిందా?" అని అడిగాడు. అప్పట్లో ఉత్తరం సముద్రం దాటడానికి నెలలు పట్టేది. భార్య రాసిన జవాబులేవీ మిగల్లేదు.

"ఆవిడ జవాబు నువ్వు రాయి. నీకు వచ్చిన భాషలోనే రాయి," అన్నారు మేడమ్.

ఆ మాటతో తెలుగులో రాశాను. శుక్రవారం క్లాసులో నన్ను నిలబెట్టి చదవమన్నారు.

"జ్వరం నువ్వు అడిగేనాటికే తగ్గిపోయింది. వాడిప్పుడు చెయ్యి పట్టుకోకుండా మెట్లు దిగుతున్నాడు. నీ కిరీటం గురించి రెండు పేజీలు రాశావు. నేనెలా ఉన్నానని ఒక్క ముక్క అడగలేదు."

చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వణుకు లేదు. ఎవరికీ అర్థం కాకపోయినా క్లాసంతా కదలకుండా విన్నది. ముందు వరసలో కూర్చునే ఆస్ట్రేలియన్ కుర్రాడు, "షీ సౌండ్స్ ఫ్యూరియస్. వాట్ డిడ్ షీ సే?" అన్నాడు. ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. వ్యాకరణం ఎటుపోయిందో తెలియదు గానీ, ఆగలేదు. ఒకరు కాదన్నారు, నేను ఎదురు చెప్పాను. అసలు దొరగారు మిగతా ఉత్తరాల్లోనైనా ఆమె ఎలా ఉందని అడిగాడా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

బయటికి వచ్చాక మేడమ్ నా భుజం తట్టారు. "ఇంగ్లీష్ దానంతటదే వస్తుంది అమ్మాయ్. కోపం రావడమే కష్టం. నీకొచ్చింది. అదే నీ థీసిస్."

అకౌంటింగ్ మాట మళ్ళీ నేనెత్తలేదు, ఆమె కూడా అడగలేదు.

ఆ తరవాతి రోజులు నా జీవితంలో చాలా మంచివి. మేడమ్ ఉత్తరాల్ని నిలబడి, పైకి చదివేవారు. కూర్చుంటే ఊపిరి చాలదనేవారు. "మంచి నటుడే పాపం, భర్తగా రిహార్సల్ చాల్లేదు," అని దొరగారిని దెప్పేవారు. నేనూ రెచ్చిపోయి తిడితే మాత్రం ఊరుకునేవారు కాదు. చూపు పోయిన ముసలి నటుణ్ణి దొరగారు తీసేయకుండా, తెర పక్కన కుర్చీ వేయించి, కుర్రవాళ్ళకి ఉచ్చారణ దిద్దమన్నాడని రాసిన ఉత్తరం తీసి ముందు పెట్టేవారు. "ఒక్క ఉత్తరంతో మనిషిని తేల్చేయకు. ఇంకోటి చదువు," అనేవారు. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి పిలిచి గోంగూర మాంసం పెట్టేవారు. యూనివర్సిటీలో మేడమ్, వాళ్ళింట్లో ఆంటీ. పొరపాటున ఇంట్లో మేడమ్ అంటే పలికేవారు కాదు.

థీసిస్ పూర్తయింది. నాకు ఉద్యోగం వచ్చింది, అదీ నాటకాలు చెప్పే ఉద్యోగమే. దొరగారి ఉత్తరాలను మేడమ్ పుస్తకంగా తెచ్చారు. భార్య జవాబులు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. నేను బాధపడితే, "దొరకలేదు అని ధైర్యంగా రాయడం కూడా మన పనేనమ్మా," అన్నారు. ముందుమాటలో అలాగే రాశారు.

మేడమ్ భర్త, మా అంకుల్, పోయాక, పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. వెళ్ళేముందు సిడ్నీలోనే, రౌస్ హిల్‌లో కలిశాం. కాఫీ తాగి, మెట్రో స్టేషన్ దాకా నడిచాం. పెర్త్‌లో మనుషుల్లేక తోచదేమోనని నేను దిగులుపడితే, "మాట్లాడేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు," అని రైలెక్కారు. నేతచీర, కాళ్ళకి తెల్లటి రన్నింగ్ షూస్. నావైపు చెయ్యి ఊపుతారని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. తలుపులు మూసుకునేసరికే ఆమె పక్క సీటులోని స్కూలు పిల్లవైపు వంగి ఏదో చెబుతున్నారు. ఆ పిల్ల చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి ఆమెవైపు తిరిగింది. రైలు కదిలింది. అద్దంలోంచి ఇద్దరూ నవ్వుతూ కనిపించారు.