ఏదో కాలం

విదేశంలో, ట్రుగనీనా అనే ఊళ్లో మా అబ్బాయి ఇంట్లో, మనవరాలు మేఘన బొమ్మ వేయడానికి రంగు పెన్సిలు చెక్కుతోంది. ఆ చెక్క వాసనకి నా ఆరో తరగతి గుర్తొచ్చింది.

ఆ రోజు మా బడికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. సరైన జవాబు చెప్పినవాళ్లకి ఇస్తానంటూ బల్ల మీద రంగు పెన్సిళ్ల పెట్టె పెట్టారు. అలాంటి పెట్టెని నేను అంతవరకూ ముట్టుకుని ఎరగను.

"జపాన్‌లో చాలాకాలం యుద్ధాలు లేక, బొమ్మలూ నాటకాలూ వర్ధిల్లాయి. దాన్నేం కాలమంటార్రా?" అని నన్నే అడిగారు.

నాకు తెలియదు. పెట్టె చేజారిపోతోందన్న దిగులుతో నోట్లోనే గొణిగాను. "ఏదో కాలమండీ."

"శభాష్!" అంటూ ఆయన పెట్టె నా చేతిలో పెట్టారు. తెలియదని ఒప్పుకున్నందుకే ఇచ్చారనుకుని, ఎగురుకుంటూ ఇంటికి పరిగెత్తాను. అప్పటినుంచీ తెలియనిది తెలియదనే చెబుతూ వచ్చాను.

"ఏం బొమ్మమ్మా అది?" అని మేఘనని అడిగాను.

"జపాన్ హోంవర్క్, తాతా. ఎడో పీరియడ్. నో వార్స్, లాట్స్ ఆఫ్ ఆర్ట్."

"ఏ పీరియడూ?"

"ఎడో!"

దిగ్గున కుర్చీలోంచి లేచాను. ఇన్‌స్పెక్టరుగారికి ఆ రోజు ఏం వినిపించిందో ఇప్పటికి తెలిసింది. నవ్వు ఆగలేదు.

"డు యూ నో ఎడో, తాతా?"

"తెలియదమ్మా" అన్నాను, అలవాటుగా. "నువ్వు చెప్పు."

కుర్చీ మేఘన పక్కకి జరుపుకున్నాను.