బావ మానేసిన గోలీ

మా బావ గుండె గోలీని తనంతట తానే మానేశాడని మా వాళ్లందరూ నమ్మారు. ఆపమన్నది నేను. ఆ మాట రెండేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు.

నాకు సూర్యాపేటలో మందుల షాపు. అక్కాబావలది మిర్యాలగూడ. బావ రైస్ మిల్లులో మిషన్లు చూసుకుంటాడు. ఆయనకు స్టెంట్ వేశాక డాక్టర్ రాసిన క్లోపిడోగ్రెల్ గోలీ నా షాపు నుంచే వెళ్లేది. ఏడాదిలోపు ఆపొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

ఆ ఏడాది నిండకముందే ఓసారి హాలియాలో చుట్టాలింట్లో దావత్. దావత్‌కు తెచ్చిన మేకపోతును, మా భాషలో యాటను, కోసేది ఎప్పుడూ బావే. ఇంకెవరు కత్తి పట్టినా ఆయనకు నచ్చదు. ఆ రోజు వేలు తెగింది. గుడ్డ చుట్టినా రక్తం ఆగలేదు.

"ఏం బామ్మర్ది, నా నెత్తుర్ని నీళ్లచారు జేసినవ్ గదరా!" అని నవ్వాడు. "వచ్చే వారం కోదాడల మేనకోడలు పెండ్లి. గాడ గూడ నేనే కొయ్యాలె. జర ఈ గోలీ ఆపనా?"

"ఆపు బావా. వారం దాకా దాని పవర్ ఒంట్లనే ఉంటది."

అందులో సగమే నిజం. ఆ మందు రక్తాన్ని పల్చన చేయదు. కాలేయంలో మారాక, రక్తంలోని ప్లేట్‌లెట్లను పట్టుకుని అవి ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తుంది. అలా పట్టుబడ్డవి చచ్చేదాకా, అంటే వారం పది రోజులు, మళ్లీ పనికిరావు. కానీ ఒంట్లో రోజూ కొత్తవి పుడతాయి. స్టెంట్ దగ్గర గుమిగూడటానికి అవి చాలు. ఆ సంగతి ఆలోచించకుండానే చెప్పేశాను.

పెళ్లి దావత్ అయిన మర్నాడే బావకు ఛాతీ నొప్పి వచ్చింది. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టింది. దవాఖానలో దాన్ని తీసేసి బతికించారు.

"ఎవల్నడిగి ఆపినవయ్యా?" అని అక్క ఏడుస్తూ తిట్టింది.

బావ ఒకసారి నావైపు చూశాడు. "నాకే బుద్ధి పుట్టింది. ఇగ ఇడిసిపెట్టు," అన్నాడు.

షాపు పరువు పోతుందని నేను నోరు విప్పలేదు.

అప్పటి నుంచి గోలీ అక్కే ఇస్తుంది. మింగాక నోరు తెరిపించి చూస్తుంది. "ఈయన్ని నమ్మరాదు," అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. మిల్లులో అందరిచేత పని చేయించే మనిషి చుట్టాల ముందు బుద్ధిగా నోరు తెరుస్తాడు. మొన్న వాళ్ల కొత్త అల్లుడి ముందూ అదే జరిగింది. బావ నవ్వబోయి తలదించుకున్నాడు. ఇక నా వల్ల కాలేదు.

"అక్కా, బావనేం అనకు. ఆపమని చెప్పింది నేనే."

అక్క చేతిలోని గోలీల అట్ట కింద పెట్టి నావైపు తిరిగింది.

"ఇప్పుడెందుకురా గవన్నీ?" అన్నాడు బావ.

నేను ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. "నీ పాణం మీదికి తెచ్చింది నేను, మాటలు పడ్డది నువ్వు. తప్పైంది బావా. మాఫ్ చెయ్యి."