నాయన పంచె అంచున ఉప్పు

నా చిన్నప్పుడు మా నాయన కొచ్చిన్ నుంచి వచ్చిన ప్రతిసారీ మా అమ్మ ఆయన పంచెను ఉతికే ముందు అంచును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. ఒకసారి నాలుకకు కూడా తగిలించుకుంది. ఉప్పగా ఉందట. చింతపండు అమ్మడానికి పోయిన మనిషి పంచె పుల్లగా ఉండాలి గానీ ఉప్పగా ఎందుకుంటుందన్నది ఆమె ప్రశ్న.

మాది హిందూపురంలో చింతపండు వ్యాపారం. పరిగి, గోరంట్ల పల్లెల నుంచి వచ్చే సరుకు కొని మా నాయన కొచ్చిన్‌లో ఒక సేటుకు పంపేవాడు. సరుకు వెంట మనిషి పోవాల్సిన పనిలేదు. అయినా పోయేవాడు. ఒక పూట పనికి పోయి నాలుగైదు రోజులు ఉండిపోయేవాడు. ఏం చేశావని అడిగితే సేటు అంగట్లోనే కూర్చున్నానని గోడ వైపు చూస్తూ చెప్పేవాడు. ఆ గోడ చూడటంతోనే వచ్చింది చిక్కంతా. అక్కడ ఆయనకు ఇంకో సంసారం ఉందని మా అమ్మ తేల్చేసుకుంది. పెనుకొండలో పుట్టింటికి పోవడానికి ట్రంకుపెట్టె సర్దింది. అందులో నా గౌన్లు కూడా మడతపెట్టి ఉన్నాయి.

మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, కొడుకును వెనకేసుకొచ్చే రకం కాదు. అసలు ఆమె ఎవరినీ నమ్మేది కాదు. పాలు పోసేవాణ్ణి నమ్మేది కాదు, రేడియోలో వాన పడుతుందని చెప్పేవాళ్ళను అంతకన్నా నమ్మేది కాదు. తానే పోయి చూసి వస్తానని, నిజమే అయితే తానే పెనుకొండలో దిగబెడతానని కోడలికి మాటిచ్చింది. కొడుకుతో మాత్రం చచ్చేలోగా సముద్రం చూడాలని ఉందంది. చిన్నపిల్ల పక్కనుంటే మగవాళ్ళు జాగ్రత్త తగ్గిస్తారని నన్ను వెంటబెట్టుకుంది. ఎక్కడైనా పంచాయితీ ఉంటే తప్ప పెట్టెలోంచి తీయని ధర్మవరం పట్టుచీర కట్టుకుంది. బొరుగులు, వేయించిన చెనక్కాయలు మూట కట్టింది. ఊరుగాని ఊళ్ళో నీళ్ళెలా ఉంటాయోనని మూత ఉన్న పెద్ద చెంబులో హిందూపురం నీళ్ళు కూడా మోయించింది.

సముద్రం చూపించడమంటే ఒడ్డున నిలబెట్టి చూపిస్తాడనుకున్నాను. కొచ్చిన్‌లో రైలు దిగగానే నాయన మమ్మల్ని నేరుగా బోటెక్కించాడు. ఆ ఊళ్ళో బోటంటే మనకు టౌను బస్సు లాంటిదే. జనం కూరగాయల సంచులతో, సైకిళ్ళతో ఎక్కుతారు, ఒక దీవిలో దిగుతారు, అక్కడినుంచి ఇంకో బోటు పట్టుకుంటారు. మసాలా వాసన కొట్టే గోదాములు, లంగరు వేసిన ఓడలు, ఒడ్డున కర్రలకు వేలాడే పెద్ద పెద్ద వలలు, అన్నీ నాయన ఆగకుండా చూపించాడు. ఇంట్లో మజ్జిగ పోయమనడానికి కూడా చెయ్యి చూపించే మనిషి. ఆయన అట్లా మాట్లాడుతుంటే నాకు సంతోషంగానే ఉండింది, కానీ ఆ సంతోషం మా అమ్మకు ద్రోహమేమోనని కూడా అనిపించింది.

దీవి రేవు దగ్గర బోటు ఆగగానే తాడు విసిరే మనిషి నాయనను చూసి నవ్వుతూ ఏదో అన్నాడు. నాయన వాళ్ళ భాషలోనే జవాబిచ్చాడు. అవ్వ నా చెయ్యి గిల్లింది.

"చూస్తివా? ఊరి అల్లుణ్ణి పలకరించినట్ల పలకరిస్తాండాడు."

రేవు పక్కన ఒక టీ అంగడి. నడిపేది మా అమ్మ ఈడు ఆడమనిషి, తలలో మల్లెపూలు. నాయన నోరు తెరవకముందే ఆయనకు పాలు లేని టీ ఇచ్చింది. మా ఇంట్లో ఆయన పాలు తగ్గితేనే టీ ముట్టడు! అవ్వ కాళ్ళు నొస్తున్నాయని చెప్పి అక్కడే బల్ల మీద కూలబడింది. నొప్పీ లేదు, గిప్పీ లేదు, అది కాపలా. మధ్యాహ్నం దాకా బొరుగులు నములుతూ ఆ మనిషిని కళ్ళతోనే సోదా చేసింది. నాకు పెనుకొండ పెట్టె గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కనపడకుండా రేవు మెట్ల వైపు తిరిగాను.

తిరిగి చూస్తే నీళ్ళు లేవు. పొద్దున్నే మేం దిగినప్పుడు పై మెట్టును తాకుతున్న నీళ్ళు బాగా కిందికి పోయి, పాచి పట్టిన మెట్లు బయటపడి ఉన్నాయి. మా వైపు బావిలో మెట్లు తేలాయంటే మళ్ళీ వానలదాకా అవి మునగవు. వానలు పడితే కదా అదీ. నేను కేక పెట్టాను.

"నాయనా, నీళ్ళు అయిపోతాండాయి! ఇంక బోటు రాదు!"

అవ్వ లేచి చూసి నాకంటే ఎక్కువ భయపడింది. "మమ్మల్ని ఈడనే ఇడిసిపెట్టాలని తెచ్చినావేమప్పా?" అని కొడుకు మీద విరుచుకుపడింది.

నాయన పగలబడి నవ్వాడు. "ఏం కాదమ్మా. దీపాలు పెట్టే పొద్దుకు మళ్ళా పైమెట్టు కాడికి వస్తాయి. దినదినానికీ రవ్వంత ఆలస్యమవుతుంది. పున్నమికైతే ఆ బల్ల కాళ్ళు కూడా తడుపుతాయి." అంటూనే ఆగిపోయాడు.

"సేటు అంగట్లో కూచున్నోనికి ఇదంతా ఎట్ల తెలిసె?" అంది అవ్వ.

నాయన గోడ కోసం వెతుక్కున్నాడు. అక్కడ గోడ లేదు, ఎటు చూసినా నీళ్ళే.

అవ్వ నేరుగా టీ అంగడామె దగ్గరికి పోయి కొడుకునూ ఆమెనూ మార్చి మార్చి వేలితో చూపించి, ఏమవుతాడన్నట్టు చెయ్యి తిప్పింది. ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, లోపల నిద్రపోతున్న మొగుణ్ణి లేపి తీసుకొచ్చింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి సైగలతో చెప్పారు. ఈయన బోటులో వస్తాడు, ఆ బల్ల మీద కూర్చుంటాడు, పోతాడు, మళ్ళీ వస్తాడు, మళ్ళీ పోతాడు. చివరికి ఆమె కణత దగ్గర వేలు పెట్టి గిర్రున తిప్పింది. పాపం, కొంచెం పిచ్చి అని.

అప్పుడు మా నాయన తలవంచుకుని చెప్పాడు. "ఇంటికాడ లేచినప్పటినుంచీ నీళ్ళ దిగులే కదమ్మా. బావిలో ఎంతుండాయి, ఇంటికి సాలుతాయా, వచ్చేయేడు ఎట్ల. ఈడ కూచుంటే ఆ దిగులు గుర్తుకు రాదు. చెప్తే నవ్వుతారని చెప్పలే."

అవ్వ నవ్వలేదు. మెట్టు మీద కాళ్ళు చాపి కూర్చుంది. పొద్దుగూకే వేళకు నీళ్ళు నిజంగానే ఒక్కొక్క మెట్టూ ఎక్కి ఆమె పాదాల దాకా వచ్చాయి. పట్టుచీర అంచు తడుస్తున్నా ఆమె లేవలేదు. బోటు వచ్చిందని నాయన పిలిస్తే తర్వాతి దానికి పోదాంలే అంది.

ఇంటికొచ్చాక అమ్మ పెట్టె పక్కనే నిలబడి మా ముఖాలు చూసింది. నేను అంతా చెప్పెయ్యబోతే అవ్వ నా నోరు మూసింది. "నేను చెప్తే కొడుకును కాపాడుకుంటాండా అనుకుంటావు. పసిదానికి నేను నేర్పించినా అనుకుంటావు. వచ్చేతూరి నువ్వే పో, వాని పక్కన కూచొని రా" అంది.

అమ్మ ఆ పెట్టెతోనే కొచ్చిన్‌కు పోయింది. తేడా కనిపిస్తే తిరుగు రైలులో నేరుగా పెనుకొండకే అని చెప్పి మరీ పోయింది. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు. ఇద్దరూ కలిసే తిరిగొచ్చారు, కానీ ముఖాలు ముడుచుకుని వచ్చారు. నా కళ్ళు మళ్ళీ పెట్టె మీదికే పోయాయి. తర్వాత తెలిసింది ఆ పోట్లాట దేనికో. ఇన్నేళ్ళూ ఒక్కడివే వచ్చి కూర్చున్నావు, నన్ను రమ్మని ఒక్కసారి ఎందుకు పిలవలేదని అమ్మ దారి పొడవునా దులిపేసిందట.

దాచేదంతా తప్పే అనుకునేదాన్ని అంతకుముందు. సంతోషాన్ని కూడా దాచుకునే మనుషులుంటారని, మనం నవ్వుతామన్న భయంతోనే దాచుకుంటారని నాకు ఆ యేడే తెలిసింది. మా నాయన నవ్వు వినడానికి అంత దూరం పోవలసి వచ్చిందే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఈమధ్య మా మనవరాలు ప్రతి ఆదివారం పొద్దున్నే ఎక్కడికో పోతోంది. అడిగితే ఫోను బోర్లించి పెట్టి, ఊరికే అంటుంది. మా అమ్మాయికి ఒకటే అనుమానం, బ్యాగు వెతుకుదామా అని నన్ను సలహా అడిగింది. నేను పోయిన ఆదివారం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, అది బయటికి రాగానే, "నన్ను గూడా తీసుకొని పోతావా?" అన్నాను. అది ఫోను బ్యాగులో పడేసింది. "రొంత దూరం నడవాల అవ్వా, నీకు మోకాళ్ళ నొప్పులు కదా" అంది. నిదానంగా పోదాంలే అని లేచాను. ఎక్కడికని అడగలేదు. అది నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.