మా ఇంటి సెంటర్ ఫీల్డర్

ఇప్పుడంటే అమెరికాలో ఏ ఊళ్ళో దిగినా గోంగూర కట్ట చేతికి అందుతోంది గానీ, ఎనభైల మొదట్లో మేం కాపురం పెట్టిన నార్త్ కరొలైనా ఊళ్ళో కందిపప్పు అంటే అదేదో మందు పేరనుకునేవాళ్ళు. ఒక బట్టల మిల్లు, వీధికో చర్చి, ఊరి చివర ఒక బేస్‌బాల్ మైదానం, అంతే ఊరు. మా ఆయన మిల్లులో ఇంజినీరు. నాకు వీసా ప్రకారం ఉద్యోగం చేసే వీల్లేదు. వంట చేయొద్దని మాత్రం ఏ వీసాలోనూ ఉండదు కాబట్టి పొద్దున్న లేచింది మొదలు అదే నా పని. పెద్ద కుటుంబంలో పెరిగిన చెయ్యి నాది, ఎంత తగ్గించి పోసినా బియ్యం నలుగురికి సరిపడా పడేవి. తినేవాళ్ళమా, ఇద్దరం. అందులో మా ఆయనది పిచ్చుక తిండి. రెండు ముద్దలు తిని "చాలా బాగుంది" అంటూ లేచిపోయే మనిషిని కట్టుకున్నదాని బాధ పగవాళ్ళకి కూడా వద్దు.

అలాంటి రోజుల్లో ఒక ఏప్రిల్ శనివారం తలుపు తీస్తే, గుమ్మానికి తల తగిలేంత పొడుగు కుర్రాడొకడు భుజాన సంచీతో నిలబడి ఉన్నాడు. "గుడ్ మార్నింగ్ మ్యామ్, ఈ సీజన్‌కి మీ ఇంట్లో ఉండబోయేది నేనే" అన్నాడు. నేను నవ్వు మొహంతోనే వెనక్కి నడిచి లోపల మా ఆయన్ని నిలదీశాను. "ఏవండీ, ఎవరండీ ఆ అబ్బాయి?" అంటే ఆయన నాలిక్కరుచుకుని, "అయ్యో, ఒక పూట భోజనానికనుకున్నానే!" అన్నారు. జరిగిందేమిటంటే, మా ఊరి బేస్‌బాల్ జట్టు మనిషి ఒకాయన మిల్లుకొచ్చి, ఆటగాళ్ళకి ఎవరైనా ఇంట్లో గది ఇస్తారా అని అడిగాడట. మా ఆయన తలూపారట. (ఆ రోజుల్లో మాకు ఇంగ్లీషు సగమే అర్థమైనా తల మాత్రం పూర్తిగా ఊపేవాళ్ళం.) మైనర్ లీగ్ అంటే, పెద్ద జట్లలో ఆడాలని కలలుగనే కుర్రాళ్ళు చిన్న చిన్న ఊళ్ళలో ఆడుతూ పైకెక్కే నిచ్చెన అన్నమాట. మాది ఆ నిచ్చెనలో దాదాపు కింది మెట్టు. జీతం కాఫీలకి చాలదు కనుక ఊరివాళ్ళే కుర్రాళ్ళని తలొకరినీ ఇంట్లో పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. మా వంతుకి వచ్చినవాడు అయోవాలో మొక్కజొన్న చేల మధ్య పెరిగినవాడు. నాకు ఇరవై ఆరు, వాడికి ఇరవై. లెక్క ప్రకారం నేను అక్కని కావాలి. కానీ ఆ పూట వాడు నా పప్పన్నం తిన్న తీరు చూశాక నేనే తల్లి పదవి తీసేసుకున్నాను. ఆ రోజు నుంచి వాడు "మావాడు".

మావాణ్ణి చూసుకోవడానికి నేను మైదానానికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఏప్రిల్ చలిలో ఆ అల్యూమినియం బల్లల మీద కూర్చోవడమే ఒక తపస్సు. నేను చీర మీద మా ఆయన కోటు తొడుక్కుని వెళ్ళేదాన్ని. మావాడు నిలబడే చోటు సెంటర్ ఫీల్డు, అంటే మైదానంలో ఎంతో దూరాన, ఒంటరిగా, బంతి ఎటు లేస్తే అటు పరిగెత్తే ఉద్యోగం. నా పక్కన ఎప్పుడూ ఎర్రటోపీ తాత ఒకాయన కూర్చునేవాడు. మిల్లులో రిటైరయ్యాడు, అప్పట్నుంచీ ఆయన పనల్లా ఏటా కొత్తగా వచ్చిన కుర్రాళ్ళని తూకం వేయడమే. ఎవడి చెయ్యి వంకర, ఎవడి కన్ను చురుకు, ఎవడు పైకి పోతాడు, ఎవడు వాళ్ళ నాన్న షాపులో కూర్చుంటాడు, అన్నీ ఏప్రిల్‌లోనే తేల్చేసేవాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. మా పెద్దమ్మ పెళ్ళి సంబంధాల్లో అబ్బాయిని కాలి గోరు నుంచి నడినెత్తి దాకా ఇలాగే చూసేది. మొదటివారంలో మావాడు ఒక బేస్ నుంచి, అంటే నేల మీద పరిచిన మెత్త నుంచి, ఇంకో బేస్‌కి గాలిలా పరిగెత్తేసరికి తాత నా వైపు వంగి, "ఆ కాళ్ళు చూడమ్మా. వీడు ఆగస్టు దాకా మన దగ్గరుండడు, పైకి తీసుకుపోతారు" అన్నాడు. (తాత అన్నది ఇంగ్లీషులోనే, కానీ నాకెందుకో తెలుగులోనే గుర్తుంది.) "మావాడే" అన్నాను. అడగకపోయినా అటుపక్కవాళ్ళకీ చెప్పాను. ఆ రోజు ఇంటికొచ్చి పాయసం చేశాను.

అసలు చిక్కంతా ఆ పాయసంతోనే మొదలైంది. నెల తిరక్కముందే మావాడి పరుగు మందగించింది. ఇదివరకు కళ్ళు మూసుకుని అందుకునే బంతులు ఇప్పుడు వాడి ముందర టపీమని పడుతున్నాయి. తాత టోపీ వెనక్కి నెట్టుకుని, "కాళ్ళు బరువెక్కాయమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "అదేం కాదు, ఎండ కంట్లో పడింది" అన్నాను. తాత పాపం ఒకసారి తలెత్తి ఆకాశం వైపు చూశాడు. పొద్దుట్నుంచీ మబ్బు. ఎండన్నదే లేదు. అయినా నేను మాట వెనక్కి తీసుకోలేదు. కన్నతల్లే తీసుకోదు, తెచ్చిపెట్టుకున్న తల్లిని నేనెందుకు తీసుకుంటాను!

ఇంటికెళ్ళి మా ఆయనతో, "పిల్లాడు నీరసపడిపోయాడండీ" అన్నాను. ఆయన బేస్‌బాల్‌ని ఆటగా ఒప్పుకోని క్రికెట్ మనిషి. "నీరసమేమిటే, బుగ్గలు చూడు, బూరెల్లా ఉన్నాయి" అన్నారు. "మీ దిష్టే తగిలినట్టుంది" అని కసిరి, మర్నాటి నుంచి నెయ్యి పెంచాను. ఆటకి బయల్దేరేముందు, మధ్యాహ్నం పూట వాడికి భోజనం. ముద్దపప్పు, గుత్తి వంకాయ, పులిహోర, గడ్డ పెరుగు. పళ్ళెం ఖాళీ అవగానే నేను అన్నం వడ్డించేదాన్ని. వాడు "నో థాంక్యూ మ్యామ్" అనేవాడు. మనవాళ్ళలో అలా అనకుండా ఎవరు తింటారు? మొహమాటం అనుకుని ఇంకో గరిటె వేసేదాన్ని. వాడు గుటకలు మింగుతూ అదీ ఖాళీ చేసేవాడు. అయ్యో, ఇంకా ఆకలిగానే ఉన్నట్టుందని మళ్ళీ వేసేదాన్ని. జన్మలో మొదటిసారి నా వంటకి తగ్గ మనిషి దొరికాడని నాకు పట్టరాని గర్వం.

మే నెలలో ఒక ఆదివారం, ఊరు ఊరంతా మైదానంలో ఉండగా, మావాడు రెండో బేస్ అందుకోవాలని నేల మీద జారాడు. పర్రుమని ప్యాంటు వెనక భాగం రెండు పాయలుగా విడిపోయింది. జనం విరగబడి నవ్వారు. వాడు హెల్మెట్ అడ్డం పెట్టుకుని లోపలికి పోతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ నవ్వే జనాన్నంతా తిట్టిపోయాలనిపించింది గానీ, అన్ని తిట్లు నాకు ఇంగ్లీషులో రావు. తాత మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి మెల్లగా, "ఏం పెడుతున్నావమ్మా వాడికి?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున్న నేను దోసెలు పోస్తుంటే మావాడు వంటింటి గుమ్మంలో నిలబడి, "మ్యామ్, ఒకటి అడగొచ్చా? ఈ భోజనాన్ని ఆపడం ఎలా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "మేనేజర్ నిన్న పిలిచాడు. ఈ వారంలో మునుపటిలా పరిగెత్తకపోతే ఇంటికి పంపేస్తానన్నాడు. మ్యామ్, మా అమ్మ పళ్ళెంలో ఒక్క గింజ వదిలినా ఊరుకునేది కాదు. అందుకని నేను ఖాళీ చేస్తాను. మీరు నింపుతారు. నేను మళ్ళీ ఖాళీ చేస్తాను. ఇది ఎక్కడ ఆగుతుంది?" అన్నాడు. నేను దోసె సంగతి మరిచిపోయి పీట మీద కూలబడ్డాను. మా అమ్మ నాకు నేర్పింది ఒక్కటే, అతిథి పళ్ళెం ఖాళీగా కనబడితే ఇంటికి అప్రతిష్ట అని. వాళ్ళమ్మా మా అమ్మా కలిసి, ఎక్కడో అయోవాలో ఒకరు, కృష్ణా జిల్లాలో ఒకరు కూర్చుని, ఈ పిల్లాడి బతుకుని నెయ్యి గిన్నెలో ముంచేశారన్నమాట. "మరి వద్దని చెప్పొచ్చు కదరా!" అన్నాను. "రోజూ చెప్పాను మ్యామ్" అన్నాడు. నిజమే, చెప్పాడు. మా ఇంట్లో నోటితో చెప్పిన వద్దు లెక్కలోకి రాదని వాడికి ఎవరు చెప్పారు గనుక!

దోసె మాడిన కంపులోనే వాడికి పాఠం మొదలుపెట్టాం. మా ఆయన్ని భోజనానికి కూర్చోబెట్టాను. నేను గరిటెతో మీదికి వెళ్ళగానే ఆయన ముందుకి వంగి, రెండు చేతులూ పళ్ళెం మీద అడ్డం పెట్టి, "అయ్యయ్యో, వద్దు వద్దు!" అన్నారు. (కాపురానికొచ్చిన ఇన్నాళ్ళలో ఆయన అంత మనస్ఫూర్తిగా నటించడం నేను చూడలేదు. అసలు అది నటనేనా అని కూడా అనుమానం.) "చూశావా, చేతులు అడ్డం పెడితేనే మాకు వద్దని అర్థం. చేతుల మీద ఎవరూ వడ్డించరు" అన్నాను. మావాడు తెలివైనవాడు. మొదటిసారి చెయ్యి ఆలస్యంగా పెట్టి వేడి పప్పుతో కాస్త వేళ్ళు కాల్చుకున్నాడు గానీ, మధ్యాహ్నానికల్లా గరిటె కదిలే లోపే అరచేతులు పరిచేస్తున్నాడు. ఆ వారమంతా వాడికి పెరుగన్నం, కాసిన్ని కూరముక్కలు, పొద్దున్న వీధుల వెంట పరుగు. వెనకాల కారు డ్రైవ్ చేస్తూ మా ఆయన. క్రికెట్ మనిషి కారు కిటికీలోంచి "కమాన్, కమాన్" అని అరుస్తుంటే వీధివాళ్ళంతా బయటికొచ్చి చూసేవాళ్ళు.

ఆ శనివారం మా ఆయన కూడా నాతో మైదానానికి వచ్చారు. తాతకి అటొకరం ఇటొకరం కూర్చున్నాం. ఆట ఆఖరికొచ్చింది, మనవాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు, బేసుల మీద అవతలివాళ్ళు ఇద్దరు కాచుకుని ఉన్నారు. అవతలివాడు కొట్టిన బంతి ఆకాశంలోకి లేచి మావాడి తల మీదుగా వెనక్కి పోతోంది. అది గోడ దగ్గర పడిందా, ఆటా పోయింది, మావాడి గదీ ఖాళీ అయింది. మావాడు బంతికి వీపు చూపించి పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ మొదట్లో చూసిన కాళ్ళు మళ్ళీ కనిపించాయి నాకు. గోడ దగ్గర ఒక్కసారి ఒళ్ళు విరిచి చెయ్యి చాచాడు. బంతి గ్లవ్‌లో పడింది. నేను కొంగు జారిపోతున్నా లెక్కచెయ్యకుండా బల్లెక్కి, "మావాడూ! మావాడూ!" అని తెలుగులోనే అరిచాను. వాడు అంత దూరం నుంచీ మా బల్ల వైపు తిరిగి, బంతి ఉన్న గ్లవ్ మీద రెండో అరచెయ్యి పరిచి అడ్డం పెట్టాడు. చాలు, చాలు అని. తాత, "అదేం సైగ?" అని అడిగాడు. నేనింకా బల్ల దిగలేదు. మా ఆయనే కళ్ళజోడు తుడుచుకుంటూ, "కడుపు నిండిందంటున్నాడు" అన్నారు.

తాత లెక్క తప్పలేదు, జులైలో వాణ్ణి పై మెట్టుకి తీసుకుపోయారు. ఆ తర్వాత ఇంకో మెట్టు కూడా ఎక్కాడు. పెద్ద జట్టులోకి మాత్రం చేరలేదు, మోకాలు సహకరించలేదు. ఇప్పుడు అయోవాలో స్కూలు పిల్లలకి ఆట నేర్పుతున్నాడు, మొన్ననే తాత కూడా అయ్యాడు. ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది "అన్నం తిన్నావా?" అనే. "రెండు చేతులూ అడ్డం పెట్టాను మ్యామ్" అంటాడు.

ఇప్పుడు నేను అల్ఫారెట్టా అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న ఏప్రిల్‌లో మనవడు దగ్గర్లో మైనర్ లీగ్ ఆటకి తీసుకెళ్ళాడు. నా తల మీద ఎర్రటోపీ, వాడే కొనిచ్చాడు. కాసేపు చూశాక నోరు ఊరుకోక, ఇంగ్లీషులోనే, "ఆ సెంటర్ ఫీల్డులో పిల్లాడి కాళ్ళు బరువెక్కాయి" అన్నాను. అన్నానో లేదో ముందు వరసలో ఒక అమెరికన్ అమ్మాయి గిరుక్కున తిరిగింది. ఇరవై ఆరో, ఏడో ఉంటాయి. ఒళ్ళో టిఫిన్ డబ్బా. "అదేం కాదండీ. వాడు మా ఇంట్లోనే ఉంటాడు. ఎండ కంట్లో పడింది, అంతే" అంది. ఆకాశమంతా మబ్బు కమ్ముకుని ఉంది. మనవడు ఏదో అనబోతే మోచేత్తో పొడిచాను.

"అవునమ్మా" అన్నాను, "నేనూ చూశాను ఆ ఎండని."