నయీమ్ పట్టిన తప్పు

నెల్లూరు నుంచి దుబాయ్ వచ్చిన నయీమ్ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ షార్జా శివార్లలోని సజ్జాలో తలుపులు చేసే కార్ఖానాలో రంపం కింద పోయాయి. వేళ్లు పోయినందుకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ విచారించాడు, ఉద్యోగం పోయినందుకు మాత్రం విచారించలేదు. కూలీల క్యాంపులో కూర్చుని ఏడ్చే రకం కాదు నయీమ్. పక్క మంచం వాడి పాత కంప్యూటర్లో ఆటలాడుతూ, ఆటలో ఎక్కడ ఏం చెడిందో కనిపెట్టడం నేర్చుకున్నాడు. ఇదీ ఒక పనేనా అని నవ్వినవాళ్లు నవ్వారు. షార్జాలో ఆటలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసు ఆ పనికే జీతమిచ్చి కూర్చోబెట్టింది. ఎడమచెయ్యి కీబోర్డు మీద, కుడి అరచెయ్యి మౌస్ మీద. నాలుగేళ్లలో అతని కన్నుగప్పిన తప్పు లేదు.

2023లో ఆ ఆఫీసు నడిపే ముదీర్ సనావుల్లా అందర్నీ పిలిచాడు.

"కంప్యూటర్ ఆటలు ఖలాస్. జనాలు సోఫాల కూర్చొని టీవీల ఆడుతున్నరు. ఇంక మనం చేసేదంతా కన్సోల్‌కే."

కన్సోల్ అంటే టీవీకి తగిలించే పెట్టె. దాని కంట్రోలర్‌ను రెండు చేతులా పట్టుకుని, కుడి బొటనవేలితో చిన్న పుల్ల తిప్పితేగానీ ఆటలో మనిషి పక్కకు చూడడు. నయీమ్ అరచేత్తో తిప్పాడు, తొడకు ఆనించి మోచేత్తో తిప్పాడు. మూడు వారాలైనా ఆటలో మొదటి తలుపు దాటలేకపోయాడు. తప్పులు పట్టనివాణ్ణి ఏం చూసి ఉంచుకుంటారు?

నెలాఖరున ఎవరెన్ని పట్టారో ముదీర్ చూస్తాడు. ఆ నెలాఖరు పొద్దున నయీమ్ తప్పుల జాబితా తెరిస్తే, తన పేరు కింద పదకొండు తప్పులున్నాయి. ఆటలో తను అడుగుపెట్టని గదుల్లోవి.

పక్క కుర్చీలో ఆటకు కోడ్ రాసే కాకినాడ శ్యాంప్రసాద్ తల తిప్పుకున్నాడు.

"నువ్వేనా రాసింది?"

"తలా ఒకటో రెండో రాశాం లేవయ్యా. మా దగ్గర తప్పులకేం కరువా?"

"నేను అడిగినానా?"

"అడిగితే నువ్వు నయీమ్‌వి ఎందుకవుతావు? ఊరుకో, గండం గడిచిపోద్ది."

నయీమ్ ఊరుకోలేదు. పదకొండింటినీ ఎవరు పట్టారో అడిగి వాళ్ల పేర్లకు మార్చేసి, తన పేరు కింద ఒక్కటే రాశాడు. 'కుడి బొటనవేలు లేనివాడు మొదటి తలుపు దాటలేడు.'

సనావుల్లా రెండుసార్లు చదివాడు.

"ఇది ఆటల తప్పు కాదు కద నయీమ్."

"నా చేతిలో తప్పా సార్?"

సనావుల్లా తన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మడిచి కంట్రోలర్ అందుకున్నాడు. ఆటలో మనిషి నాలుగుసార్లు గోడకు కొట్టుకున్నాడు. తలుపు తెరుచుకోలేదు.

"నెల టైమిస్తా," అన్నాడు చివరికి, అతని ముఖం చూడకుండా. "ఆ తలుపు దాటితే ఉంటవ్. లేకుంటే నా చేతిల ఏం లేదు."

నయీమ్ కుర్చీ లాక్కుని శ్యాంప్రసాద్ పక్కన కూర్చున్నాడు.

"యల్లా, కానియ్. నా పేరున తప్పులు రాసినోడివి, ఈ ఒక్కటీ సరిచెయ్."

శ్యాంప్రసాద్ ఆటలో కుడిచేత్తో చేసే పని ఒక్కొక్కటే ఎడమచేత్తో చేసేలా కోడ్ మార్చుకుంటూ వచ్చాడు. ఇరవై మూడో రోజు నయీమ్ ఎడమచేత్తో మొదటి తలుపు తెరిచాడు. శ్యాంప్రసాద్ భుజం తట్టినా తిరిగి చూడలేదు. ఆటలో ఆ తలుపు వెనక గదిలో కుర్చీకి నీడ పడటం లేదు. ఆ తప్పు తన పేరు కింద రాసుకున్నాడు.