జేజి పేరు లేని రాయి

మొన్న మా చిన్నాయన మార్కాపురంలోని నా పలకరాళ్ళ షెడ్డుకు వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. మా ఊరి ఆడవాళ్ళ చేత మొదటిసారి ఓటు వేయించిన మనిషి జ్ఞాపకంగా బడి ముందు రాయి నిలబెడుతున్నారట, అది నేనే చెక్కాలట. ఆ మనిషి మా జేజి. మా నాయనకూ, ఈ చిన్నాయనకూ కన్నతల్లి. నేను ఐదో తరగతిలోనే పలక మీద రాయడం మానేసి పలకలు కోయడంలో చేరినవాణ్ణి. అయినా కూడబలుక్కుని చదివాను. ఆవిష్కరించేవారి పేరు, కమిటీ అధ్యక్షుడిగా చిన్నాయన పేరు, సిమెంటు ఇచ్చినాయన పేరు, స్థలం చూపించినాయన పేరు, మొత్తం పదకొండు. అన్నిటికంటే అడుగున, ఎవరి కోసం ఈ రాయి అన్నచోట, మా తాత పేరు రాసి పక్కన 'గారి భార్య' అని ఉంది.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్పాలంటే జేజి దగ్గరికి వెళ్ళాలి. ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ, మధ్యమధ్య తుమ్ముతూ, ఆమె ఆ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో. స్వతంత్రం వచ్చాక మొదటి ఓట్ల లిస్టు రాయడానికి గుమాస్తా వస్తే, మా వీధి ఆడవాళ్ళు తలుపు చాటు నుంచి ఫలానావాడి తల్లిని, ఫలానా ఇంటి కోడల్ని అన్నారే గాని పేరు చెప్పలేదట. పేరు లేకుంటే ఓటు లేదని అతను పుస్తకం మూశాడట. జేజి అతణ్ణి కదలనీయకుండా వీధిలో మంచం వేసి కూర్చోబెట్టి, అందరినీ బయటికి లాక్కొచ్చింది. సిగ్గుపడుతూనే పేర్లు చెప్పారు. తర్వాత అతను మొగుడి పేరు అడిగాడు. మళ్ళీ నోళ్ళు మూతపడ్డాయి. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని భయం.

"మన మొగుని పేరు మనం చెప్పగూడదు సరే, పక్కింటామె మొగుని పేరు చెప్తే ఎవనికేమైతది వదినా?" అందట జేజి. ఇక చూడండి, ఆ పూటంతా ఒకరి మొగుణ్ణి ఒకరు గొంతెత్తి చెప్పుకున్నారు. మొగుళ్ళందరూ చేలల్లో ఉండబట్టి పరువు దక్కించుకున్నారు.

అంత చేసిన మనిషి పేరేదని చిన్నాయనను అడిగాను. స్థలం చాల్లేదన్నాడు. పదకొండుమందికి చాలిందే అంటే కాసేపు గొణిగి, చివరికి అసలు మాట చెప్పాడు.

"పెద్దామెను పేరు పెట్టి రాస్తే మర్యాదేనారా? కన్నతల్లి పేరు నా నోటితో నేనెట్ల చెప్పేది?"

"నువ్వు చెప్పొద్దులే చిన్నాయనా, నేను చెక్కుతా. కావాలంటే మా అమ్మ పేరు నువ్వు చెప్పు."

కోపంగా ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ కాగితం పక్కన పడేసి, రాయి నిండా అరచేతులంత అక్షరాలతో ఒక్క పేరే చెక్కాను. కింద నాలుగు వేళ్ళ జాగా వదిలాను. నిన్న ఆయన మళ్ళీ వస్తే, అందులో మీ పదకొండుమంది ఎట్లా పడతారో మీరే తేల్చుకోండన్నాను. ఆయన తువ్వాలుతో రాతి మీది దుమ్ము తుడిచాడు. డెబ్బై దాటిన మనిషి, ఒకటో తరగతి పిల్లాడిలా ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ పైకే చదివాడు.

"ఓ... బు... లమ్మ." తువ్వాలు భుజాన వేసుకుని, "ఇట్లనే ఉండనీరా" అన్నాడు.

ఓట్ల లిస్టులోకి ఎక్కడానికి ఆ పేరుకు ఒక పూట పట్టింది. కన్నకొడుకు నోటికి ఎక్కడానికి ఇంతకాలం పట్టింది.