పుర్రచేతి గిటారు

నా చిన్నప్పుడు నాకు రెండు చేతులున్నా, మా ఇంట్లో ఒక్క చెయ్యే లెక్కలోకి వచ్చేది. నాది పుర్రచేతి వాటం. ఏది కనిపించినా ముందు ఎడమ చెయ్యే లేచేది. అన్నం కలపబోతే మా నాయనమ్మ గరిటె కాడతో మణికట్టు మీద ఒక్కటిచ్చేది. బళ్లో పలక పట్టుకుంటే పంతులుగారి బెత్తం కూడా అక్కడికే వచ్చేది. పేరంటానికి వచ్చినవాళ్లకు తాంబూలం అందించబోయానా, ఇక చూడాలి. “ఓలమ్మో, ఈ గుంట పుర్ర సెయ్యి సాపీసినాదే!” అని నాయనమ్మ నలుగురిలో నెత్తి కొట్టుకునేది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కొట్టిన మణికట్టుకే తరవాత కొబ్బరినూనె రాసేది. ఎడమ చెయ్యి తగిలిన పని చెడుతుందని ఆవిడ నమ్మకం. వినీ వినీ నేనూ నమ్మేశాను. ఇంట్లో పాలు విరిగినా సరే, పొద్దుటి నుంచి నా చెయ్యి ఎక్కడెక్కడ పెట్టానా అని గుర్తు చేసుకునేదాన్ని.

మాది రాజాం. మా ఇంటి వెనక గోడకు అవతలే మా బియ్యం మిల్లు. మా నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాన్న, పగలు మిల్లు చూసుకునేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో విజయనగరం వెళ్లి అక్కడి ఆర్కెస్ట్రాలో మేండలిన్ వాయించేవాడు. బతుకు మిల్లుదైనా ప్రాణం మాత్రం మేండలిన్‌దే. ఒకనాడు మిల్లు బెల్టులో చెయ్యి ఇరుక్కుని, ఎడమ చేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ పోయాయి. మేండలిన్ మెట్లు నొక్కే చెయ్యి అదే.

ఆ తరవాత ఇల్లంతా ఆయన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. మా అమ్మ చొక్కా గుండీలు పెట్టేది. నాయనమ్మ పళ్లెంలో చేప ముల్లు తీసి పెట్టేది. నాన్న ఆయన్ని మిషన్ల దగ్గరికి రానివ్వకుండా మిల్లు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అంతా ప్రేమే. కానీ ఆ ప్రేమలో మనిషి రోజురోజుకీ చిక్కిపోయాడు. ఎవరొచ్చినా ఆ చెయ్యి తువ్వాలు కిందికి పోయేది. మేండలిన్ అటక ఎక్కింది. దాని ఊసు ఎవరూ ఎత్తేవాళ్లం కాదు.

అలాంటి రోజుల్లో ఆర్కెస్ట్రా మాస్టారు పలకరించడానికి మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగుతూ తన గోడు చెప్పుకున్నాడు. కొత్త పాటల్లో అడుగున గుమ్ముగుమ్ముమని ఒక లావు మోత వస్తోందట, అది బేస్ గిటారట, అది లేకపోతే పెళ్లివాళ్లు పెదవి విరుస్తున్నారట, చుట్టుపక్కల ఎక్కడా ఆ వాయిద్యం లేదట. మా చిన్నాన్న అప్పటిదాకా తల దించుకుని వింటున్నవాడల్లా తలెత్తాడు. విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్లో అలాంటిది చూశానన్నాడు. నాలుగే తీగలు. మీటడానికి రెండు మూడు వేళ్లు చాలు. కుడి చేత్తో నొక్కి, ఎడమ చేత్తో మీటితే తనకి సరిపోతుందన్నాడు. అలా తిరగేసిన గిటారు ఎక్కడా అమ్మరు కాబట్టి తనే చేసుకుంటానన్నాడు.

మాస్టారు మంచివాడే కానీ ముక్కుసూటి మనిషి. “పెళ్లిళ్లు మొదలయ్యే ముందు ఆదోరం వత్తాను. పలికిందా, నువ్వే మా మనిసివి. నేదంటే ఇశాపట్నం నించి ఇంకొకడ్ని తెచ్చుకుంతాను, ఏటీ అనుకోకు” అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు చిన్నాన్న నన్ను పెరట్లోకి పిలిచాడు. నేనేం తప్పు చేశానో అని భయపడుతూనే వెళ్లాను. ఆయన నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, “ఒలే గుంటా, నీ పుర్ర సెయ్యి ఎలాగ పని సేస్తాదో నాకు సూపించు” అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకుని ఏడుపు ముఖం పెట్టాను. వెక్కిరింత కాదు. నా చేతికి దారపు ఉండ ఇచ్చాడు, చింతగింజలు ఇచ్చాడు, తాడు ముడి వెయ్యమన్నాడు. నా బొటనవేలు ఎటు తిరుగుతోందో, మణికట్టు ఎక్కడ వంగుతోందో కన్నార్పకుండా చూశాడు. తరవాత తన మూడు వేళ్లతో అలాగే చేశాడు. రాలేదు. మళ్లీ చూపించమన్నాడు. పుట్టాక మొదటిసారి ఒక పెద్ద మనిషి నా ఎడమ చేతిని అంత గౌరవంగా చూడటం. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేకపోయాను, అంత సంతోషం.

అలా మొదలైంది గిటారు పని. పశువుల పాకలో ఏళ్లుగా ఎండిన పనస దుంగ ఉండేది. పనస చెక్క బాగా పలుకుతుందని మా వైపు ఎవరినడిగినా చెబుతారు, బొబ్బిలి వీణలు చేసేది దానితోనే. ఆ దుంగ చెక్కి ఒళ్లు చేశాడు, టేకు పలకతో మెడ చేశాడు. పొడుగు ఎంతుండాలో కొలత ఎవరికీ తెలియదు. గోడకు ఆనుకుని నుంచుని, చెయ్యి చాపి, తన చేతికి ఎంత అందితే అంత. మెట్లు ఎక్కడ రావాలో తెలుసుకోవడానికి వీణ చేసేవాళ్ల పద్ధతి పట్టాడు. ముందు మెడ మీద నల్ల మైనం పరిచి, ఇత్తడి ముక్కలు అందులో గుచ్చి, మీటి చూసి, చెవికి నచ్చేదాకా అటూ ఇటూ జరిపేవాడు. సరిగ్గా కుదిరాక అక్కడ గాడి కోసి బిగించేవాడు. ఉలి పట్టడం కష్టమయ్యేది. చేతులు బొబ్బలెక్కేవి. అయినా ఎవరైనా సాయం వస్తే “నాను సేసుకుంతాను, ఎల్లండి” అని కసిరేవాడు. కసురు విని మా అమ్మ లోపలికి వచ్చి, మనిషి మళ్లీ మనిషయ్యాడే అని మురిసిపోయేది.

ఒక్క పనికి మాత్రం నేను కావలసి వచ్చింది. తీగ మోతను కరెంటుగా మార్చడానికి, చిన్న చెక్క చట్రానికి వెంట్రుక లాంటి రాగి తీగను వేల చుట్లు చుట్టాలి, దాని మధ్యలో అయస్కాంతం పెట్టాలి. అయస్కాంతం పాత లౌడుస్పీకరులోంచి, రాగి తీగ కాలిపోయిన రేడియోలోంచి తీశాడు. కుట్టుమిషను చక్రానికి ఆ చట్రం తగిలించి ఆయన తిప్పేవాడు. తీగ తెగకుండా, వదులవకుండా పట్టుకుని వదలాలి. కుడి చేత్తో పట్టుకున్నాను, తెగింది. “నీ సేత్తో పట్టుకోయే” అన్నాడు. నీ చెయ్యి అంటే ఏదో నాకు అర్థమయింది. ఎడమ చేత్తో పట్టుకున్నాను. చివరిదాకా ఒక్కసారి కూడా తెగలేదు.

తీగల కోసం మొదట్లోనే బొబ్బిలికి మనిషిని పంపి వీణ మంద్రం తీగలు తెప్పించాడు. ఇత్తడివి, బాగా లావువి. లావు మోతకు లావు తీగ కావాలి, మా ప్రాంతంలో లావు తీగంటే వీణదే. ఇంకెవరికైనా ఇంకేం తోస్తుంది?

మాస్టారు వస్తానన్న ఆదివారానికి ముందు రోజు, శనివారం పొద్దున, గిటారు పూర్తయింది. రేడియో వెనకాల గ్రామఫోను తగిలించే కన్నంలో వైరు గుచ్చాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. నాయనమ్మ కొబ్బరికాయ కొట్టి గిటారుకు బొట్టు పెట్టింది. చిన్నాన్న తువ్వాలు తీసి పక్కన పడేసి ఎడమ చేత్తో మీటాడు.

రేడియో గుంయ్‌మంటూ కూర్చుంది, అంతే. తీగ ఊగడం కంటికి కనిపిస్తోంది. చెక్క దగ్గర చెవి పెడితే చిన్నగా వినిపిస్తోంది. రేడియోలోంచి మాత్రం చప్పుడు లేదు. వైరు మార్చాడు, మీట తిప్పాడు, మళ్లీ మీటాడు. ఏమీ లేదు.

మా నాయనమ్మ ఉండబట్టలేకపోయింది. “పలకమంటే ఎలాగ పలుకుతాదిరా? సదువుల తల్లిని పుర్ర సేత్తో మీటుతావేటి? అది సాలక ఆ తీగంతా ఈ గుంట పుర్ర సేత్తో సుట్టించినావు. నా కల్లారా సూసినాను. ఇంకెక్కడి పలుకు!” అంది.

అందరూ నా వంక తిరిగారు. తిట్టలేదు ఎవరూ. తిట్టినా బాగుండేది. నేను చేతిని వెనక్కి పెట్టుకున్నాను. ఇంత మంచి చిన్నాన్నకు ఇంత అన్యాయం చేసింది నా చెయ్యేనని నాకు సందేహమే లేకపోయింది. ధాన్యం బస్తాల వెనక్కి పోయి, గొంతు బయటికి రాకుండా ఏడ్చాను.

కాసేపటికి చిన్నాన్న గొంతు వినిపించింది. “ఒలే, ఎక్కడున్నావే? ఇలాగ్రా. అమ్మా, నువ్వూ రాయే. తప్పు సేతిదో ఇంకోదానిదో ఇప్పుడే తేల్సీద్దాం.”

వెళ్లాను. గిటారులోంచి ఊడదీసిన అయస్కాంతం పీట మీద పెట్టాడు. పక్కన మా కుట్టుమిషను సూది, కత్తిరించగా మిగిలిన ఇత్తడి తీగ ముక్క. సూదిని ఎడమ చేత్తో అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. నాకు చెయ్యి రాలేదు. “పరవానేదు, తియ్యి” అన్నాడు. దగ్గరికి తెచ్చానో లేదో, సూది ఎగిరి దానికి అతుక్కుంది. ఊడదీసి కుడి చేత్తో పెట్టమన్నాడు. మళ్లీ అతుక్కుంది. ఇప్పుడు ఇత్తడి తీగ ఇచ్చాడు. కుడి చేత్తో పెట్టాను, కదల్లేదు. ఎడమ చేత్తో పెట్టాను, కదల్లేదు.

అప్పుడు ఆ ఇత్తడి ముక్కను తీసి నాయనమ్మ చేతిలో పెట్టాడు. “నీది పూజలు సేసే సెయ్యి. నువ్వు పెట్టు, వస్తాదేమో” అన్నాడు. ఆవిడ నిజంగానే కళ్లకు అద్దుకుని మరీ పెట్టింది. రాలేదు. ఇంకోసారి పెట్టింది. ముక్క పీట మీద పడి దొర్లింది.

“సూసినావా అమ్మా? దీనికి కుడి ఎడమా తెల్దు. ఇనుమో కాదో, అదే తెల్సు. ఇత్తడి తీగలేసింది నాను. తప్పు నాది. ఈ గుంట సుట్టిన సుట్ట బాగానే ఉన్నాది” అని నా తల మీద చెయ్యి వేశాడు. మూడు వేళ్ల చెయ్యి. దాన్ని దాచుకోవడం మరిచిపోయాడు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి మాత్రం గట్టిగానే ఏడ్చాను. నాయనమ్మ కొంగుతో నా ముక్కు తుడిచింది.

అప్పటికి మధ్యాహ్నం దాటింది. చిన్నాన్న బస్టాండు దగ్గర స్కూటర్లు బాగుచేసే షెడ్డుకు పరుగెత్తి, క్లచ్చుకీ బ్రేకుకీ గేరుకీ వేసే ఉక్కు తీగలు పట్టుకొచ్చాడు. నాలుగోదానికి బొబ్బిలి తీగలతోపాటు వచ్చిన వీణ సన్న తీగ, అదీ ఉక్కుదే. పొద్దు గూకేలోగా బిగించి మీటాడు. ఆ మోత రేడియోలోంచి రాలేదు, నేలలోంచి వచ్చింది. పాదాల కింద తెలిసింది. వంటింటి గూట్లో గ్లాసులు గలగలలాడాయి. పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చిన నాయనమ్మ, “పలికినాదిరా నాయినా, పలికినాది” అంటూ అక్కడే కూలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆదివారం మాస్టారు వచ్చి విన్నాడు. పాట మీద పాట వాయించమన్నాడు. తీగలు కాస్త గరగరలాడుతున్నాయన్నాడు, అయినా తల ఊపుతూనే ఉన్నాడు. ఆఖరికి మాత్రం నసిగాడు. “మరి స్టేజీ మీద అందరి గిటార్లూ ఒకేపు, నీదొకటీ ఇటేపు. పుర్ర సేత్తో వాయిస్తే జనం ఏటనుకుంతారు?” అన్నాడు.

మా చిన్నాన్న నవ్వాడు. “ఏటైనా అనుకోనీండి మాస్టారూ. నాకు దీన్ని నేర్పిన గురువు ఈవిడే” అని, తలుపు పక్కన నిలబడ్డ నన్ను చూపించాడు. మాస్టారు ఎనిమిదేళ్ల పిల్లకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సరదాకే అనుకోండి. ఆ నెలలోనే చిన్నాన్న విజయనగరం స్టేజీ ఎక్కాడు. నిండు లైట్ల కింద ఆ చెయ్యి అందరికీ కనిపించేలా వాయించాడు. ఓపిక ఉన్నన్నాళ్లూ వాయించాడు.

నాయనమ్మ పూర్తిగా మారిందని అబద్ధం చెప్పను. ప్రసాదం మాత్రం చివరిదాకా కుడి చేత్తోనే పట్టించింది. కానీ పని చెడితే నా చేతి వంక చూడటం మానేసింది. నేనూ మానేశాను.

పెద్దదాన్నయ్యాక నాకు ఒక సంగతి తట్టింది. నన్ను పిలిచే సమయానికే చిన్నాన్నకు కారణం తెలిసిపోయి ఉంటుంది. లేకపోతే ఆ సూదీ, ఆ ఇత్తడి ముక్కా అంత సిద్ధంగా పీట పక్కన ఎందుకుంటాయి? తెల్లారితే మాస్టారు వస్తాడు, తన బతుకు అటో ఇటో తేలిపోతుంది, చేతిలో ఉన్నది ఒక్క పూట. తిన్నగా షెడ్డుకు పరుగెత్తాల్సిన మనిషి, బస్తాల వెనక ఏడుస్తున్న పిల్లను వెతికి పిలిచి, ఆ పిల్ల మీద పడ్డ నింద ముందు తుడిచి, ఆ తరవాతే తన పనికి వెళ్లాడు. పని తొందరలో ఉన్నప్పుడు నాకూ నోటిదాకా మాట వస్తుంది, ఎవరు ముట్టుకున్నారు దీన్ని అని. ఆ మాట మింగి, ముందు చుట్టూ చూస్తాను, ఎవరైనా చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డారేమోనని.